తేలిపోయిన విషయం

సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే అటక మీద తాత ట్రంకు పెట్టెలో ఒక శిస్తు రశీదు దొరికింది. పర్లాకిమిడి జమీందారీ నాటిది, తెలుగులో ఉంది, మా ముత్తాత పేరు మీద. నాన్న దాన్ని పట్టుకుని వీధరుగు మీద కూర్చుని అరగంట సేపు లేవలేదు. ఆ రశీదు చెరువు పక్కనున్న అరవై సెంట్ల చెక్కది. ఆ చెక్క గురించి మా ఇంట్లో మాట్లాడని పండగ లేదు. తాత దాని కోసం అరవైల్లో ఇక్కడి మున్సిఫ్ కోర్టులో దావా వేసి ఓడిపోయాడు. గెలిచింది వేరెవరో కాదు, ఆయన చిన్నాన్న కొడుకే. అప్పటి నుంచీ రెండిళ్ళ మధ్య పెళ్ళికి పిలుపుల్లేవు, చావుకి మాత్రం వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడి వచ్చేస్తాం.

మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను, ఇది ఒడిశాలో గజపతి జిల్లా, మహేంద్రతనయ ఒడ్డున ఉంటుంది, పక్కనే ఆంధ్రాలో పాతపట్నం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమయ్యేదాకా ఇదంతా మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా. అందుకే మా ఊళ్ళలో పాత కాగితాలు తెలుగులో, కొత్త కాగితాలు ఒడియాలో, కోర్టు తీర్పులు ఇంగ్లీషులో ఉంటాయి. ఒకే భూమికి మూడు భాషల్లో చరిత్ర ఉంటుంది, మూడూ చదవగలిగిన మనిషి ఇంటికి ఒకరైనా దొరకడం కష్టం.

రశీదు దొరికిన సంగతి ఊళ్ళో ఎలా తెలిసిందో గానీ రెండు రోజుల్లోనే ఒకాయన ఇంటికొచ్చాడు. కోర్టు పనులు చేయించి పెడుతుంటాడు. "మాస్టారూ, కొత్త సాక్ష్యం దొరికిందంటే కొత్త కేసు వేయొచ్చు, అప్పటి తీర్పుతో మనకి పనేంటి" అన్నాడు. నాన్న రిటైరైన తెలుగు మాస్టారు, ఎవరి మాటా ఊరికే నమ్మే మనిషి కాదు, కానీ ఈ విషయంలో ఆయనకి అరవై ఏళ్ళ ఆశ ఉంది. పైగా ఇప్పుడు ఆ చెక్క పక్క నుంచి రోడ్డు పడింది, ధర ఎక్కడికో వెళ్ళిపోయింది. ఖర్చుకి ఎంత అవుతుందో లెక్క వేయడం కూడా మొదలుపెట్టారు. నాకు టెన్షన్ మొదలైంది. ఆయన బీపీ మనిషి, కోర్టు మెట్లు ఎక్కితే దిగేది ఎప్పుడో ఎవరికీ తెలియదు. "ముందు ఇంకెవరినైనా అడుగుదాం నాన్నా" అని బతిమాలి బరంపురంలో ఒక తెలుగు లాయరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆమె రశీదు వైపు చూడలేదు. "పాత తీర్పు కాపీ ఉందా మాస్టారూ?" అని అడిగింది. ఉంది. స్టాంపులు వేసిన సర్టిఫైడ్ కాపీ, అంచులు పసుపెక్కిపోయి, ట్రంకు పెట్టెలో అన్నిటికంటే అడుగున. ఆమె ముందు మొదటి పేజీ, తర్వాత చివరి పేజీ చూసి, మధ్యలో కొంత చదివి మూడే ప్రశ్నలు వేసింది. అప్పుడు వాది మీ నాన్నగారే కదా? ఇదే చెక్క కదా? అప్పీలుకి వెళ్ళారా? మొదటి రెండిటికీ అవునన్నాం, మూడోదానికి లేదన్నాం. కాగితాలు జాగ్రత్తగా మడిచి ఇచ్చేస్తూ "రెస్ జుడికాటా మాస్టారూ" అంది.

నాన్నకి కోపం రాలేదు, ఆయన మాటల మనిషి కదా, "అంటే అర్థమేమిటమ్మా?" అని అడిగారు. ఆమె "తీర్పు అయిపోయిన విషయం అని" అంది. ఇంకో క్లయింటు వచ్చేసరికి మేము లేచి వచ్చేశాం. బస్సులో నాన్న ఒక్కటే అన్నారు. "అబద్ధపు తీర్పయినా అయిపోయినట్టేనా?"

ఆ ప్రశ్న నన్ను నెల రోజులు వదల్లేదు. నేను లాయర్ని కాను, కానీ ఇంటర్నెట్టూ, స్నేహితుడి దగ్గర తెచ్చుకున్న సివిల్ ప్రొసీజర్ కోడ్ పుస్తకమూ పెట్టుకుని రాత్రిళ్ళు చదివాను. చదివింది ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే మన ఊళ్ళలో ప్రతి మూడో ఇంట్లోనూ ఇలాంటి ఓడిపోయిన కేసు ఒకటి పెట్టెలో ఉంటుంది, దాన్ని మళ్ళీ తిరగదోడదామని చెప్పేవాడు వీధి చివర ఉంటాడు.

మాట నుంచే మొదలుపెడతాను. లాటిన్‌లో 'రెస్' అంటే విషయం, వస్తువు, వ్యవహారం, ఏదైనా కావచ్చు. 'రిపబ్లిక్' అనే మాటలో ఉన్నది కూడా ఈ 'రెస్' అనే మాటే, రెస్ పబ్లికా అంటే అందరి వ్యవహారం. 'జుడికాటా' అంటే తీర్పు చెప్పబడినది. రెండూ కలిపితే తీర్పు జరిగిన విషయం. తెలుగులో చెప్పాలంటే మన పెద్దవాళ్ళు రచ్చబండ దగ్గర అనే 'తేలిపోయింది' అనే మాట దీనికి బాగా దగ్గర. "ఆ గొడవ తేలిపోయిందిగా, మళ్ళీ ఎందుకెత్తుతావు" అంటారే, అదే. హిందీ చట్టంలో దీన్ని 'పూర్వ న్యాయ' అని పెట్టారు, అది ఎక్కడి మాటో తర్వాత చెబుతాను.

రోమన్లకి పాత కాలం నుంచే ఒక నియమం ఉండేది, ఒకే విషయం మీద రెండుసార్లు దావా ఉండకూడదని. ఓడినవాడు మళ్ళీ వస్తే అవతలివాడు 'ఇది తీర్పయిన విషయం' అనే అడ్డు చెప్పుకునేవాడు. అయితే దీని వెనకున్న అసలు ఆలోచన ఒక్క వాక్యంలో చెప్పినవాడు అల్పియన్ అనే న్యాయవేత్త, మూడో శతాబ్దం మొదట్లో బతికినవాడు. ఆయన రాతల ముక్కల్ని మూడు వందల ఏళ్ళ తర్వాత జస్టీనియన్ చక్రవర్తి 533లో వెలువరించిన డైజెస్ట్ అనే సంకలనంలో చేర్చారు, అలా మిగిలాయి. 'రెస్ జుడికాటా ప్రో వెరిటాటే అక్కిపిటుర్.' తీర్పయిన విషయాన్ని సత్యంగా స్వీకరిస్తారు.

ఇది చాలా చోట్ల కనిపిస్తుంది, న్యాయ సూత్రాల జాబితాల్లో ఉంటుంది. నేనూ మొదట అలాగే చదివి దాటిపోయాను. తర్వాత ఈ వాక్యం ముందు ఏముందో చూద్దామని వెతికితే, డైజెస్ట్ మొదటి పుస్తకంలో, మనుషుల హోదాల గురించిన భాగంలో అది కనిపించింది. అక్కడ భూమి లేదు, అప్పు లేదు. బానిసత్వం ఉంది.

రోమ్‌లో పుట్టుకతో స్వతంత్రుడు వేరు, బానిసగా ఉండి విడుదలైనవాడు వేరు. విడుదలైనవాడికి హక్కులు తక్కువ, పాత యజమానికి కొన్ని బాధ్యతలు తీర్చాల్సి ఉండేది. ఇప్పుడు ఒక మనిషి గురించి తగువొచ్చింది, కోర్టు 'ఇతను పుట్టుకతో స్వతంత్రుడే' అని తేల్చేసింది. కానీ వాస్తవంలో అతను విడుదలైన బానిసే అనుకుందాం. అప్పుడేం చేయాలి? అల్పియన్ అంటాడు, అతను నిజానికి విడుదలైన బానిసే అయినా సరే, తీర్పు వచ్చింది కాబట్టి అతన్ని పుట్టుకతో స్వతంత్రుడిగానే మనం స్వీకరించాలి, ఎందుకంటే తీర్పయిన విషయాన్ని సత్యంగా స్వీకరిస్తారు.

నేను ఇది చదివి పుస్తకం మూసేసి కాసేపు బయటికొచ్చి నిలబడ్డాను. నాన్న ప్రశ్నకి జవాబు పద్దెనిమిది వందల ఏళ్ళ కిందటే ఉంది. 'నిజానికి కాకపోయినా సరే' అని ఆ వాక్యంలోనే ఉంది! తీర్పు చెప్పినవాళ్ళు నిజం కనిపెట్టేస్తారని అల్పియన్ అనడం లేదు. తీర్పూ నిజమూ వేరు కావచ్చని ఒప్పుకుంటూనే, తీర్పు దగ్గర ఆగుదాం అంటున్నాడు. ఆగకపోతే ఆ మనిషి జీవితం ఏమవుతుందో ఊహించండి. ప్రతి పాత యజమానీ, యజమాని కొడుకూ, మనవడూ ఏదో ఒక కొత్త కాగితం పట్టుకొచ్చి 'నువ్వు మా బానిసవి' అంటాడు. అతను జీవితమంతా వాయిదాలకి తిరుగుతూనే ఉంటాడు. 'స్వీకరిస్తారు' అనే క్రియలోనే కిటుకంతా ఉంది. 'తీర్పు సత్యం' అనలేదు.

నాన్నకి ఇది చెప్పాను. ఆయన విని "మనది బానిసత్వం కాదు, భూమి" అన్నారు. నిజమే.

మన దగ్గర ఈ నియమం బ్రిటిషువాళ్ళు తెచ్చారని చాలామంది అనుకుంటారు. చట్టంలో అక్షరాలుగా రావడం వాళ్ళ కాలంలోనే. 1859 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ రెండో సెక్షన్లో ఉంది, తర్వాత 1877లో, 1882లో పదమూడో సెక్షన్‌గా మారింది, ఇప్పుడు మనం వాడుతున్న 1908 కోడ్‌లో సెక్షన్ 11. కానీ ఆలోచన ఇక్కడా ముందే ఉంది. ధర్మశాస్త్రాల్లో వాది ఫిర్యాదుకి ప్రతివాది ఇచ్చే జవాబులు నాలుగు రకాలు. మిథ్య, అంటే 'అది అబద్ధం' అనడం. సంప్రతిపత్తి, అంటే ఒప్పుకోవడం. ప్రత్యవస్కందనం, అంటే 'తీసుకున్న మాట నిజమే, కానీ తీర్చేశాను' అన్నట్టు కారణం చెప్పడం. నాలుగోది ప్రాఙ్న్యాయం. ముందే న్యాయం జరిగింది అని. హిందీ చట్టంలోని 'పూర్వ న్యాయ' అనే మాట దీని చుట్టమే.

పాత స్మృతికర్త కాత్యాయనుడి శ్లోకం ఒకటుంది దీని మీద. వ్యవహారంలో ఓడిపోయినవాడు మళ్ళీ ఫిర్యాదు రాయిస్తే అతనికి చెప్పాల్సిన జవాబు రెండే మాటలు, 'జితః పూర్వం'. ముందే ఓడిపోయావు. దాన్నే ప్రాఙ్న్యాయం అంటారు. ఈ శ్లోకాన్ని విజ్ఞానేశ్వరుడు మితాక్షర అనే ధర్మశాస్త్ర వ్యాఖ్యలో ఎత్తి చూపాడు, చాళుక్య విక్రమాదిత్యుడి కాలంలో కల్యాణి నగరంలో రాసిన పుస్తకం అది. ఆ మితాక్షరని పదమూడో శతాబ్దంలోనే కేతన 'విజ్ఞానేశ్వరీయం' పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడని నాన్నకి తెలుసు, నాకే తెలియదు. దండి దశకుమార చరిత్రని తెలుగు చేసిన కేతనే ఈయన. "వ్యాకరణం రాసినవాడు, న్యాయశాస్త్రం కూడా రాశాడురా" అని చాలా రోజుల తర్వాత నాన్న ముఖం వెలిగింది. కేసు మర్చిపోయి పావుగంట కేతన గురించే చెప్పారు.

1916లో, అప్పట్లో మన కేసులకి ఆఖరి అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ముందుకి ఇక్కడి నుంచి ఒక అప్పీలు వెళ్ళింది, ఒక వీలునామా తగువు. తీర్పు రాసినది లారెన్స్ జెంకిన్స్, అంతకు ముందు బొంబాయిలోనూ కలకత్తాలోనూ ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన మనిషి. ఆ తీర్పులో ఆయన విజ్ఞానేశ్వరుడినీ, ఇంకో ధర్మశాస్త్రకారుడు నీలకంఠుడినీ పేర్కొని, కాత్యాయనుడి మాట ఎత్తి, కోడ్‌లోని ఈ నియమానికి మూలం ఇంగ్లండులో ఉండొచ్చు గానీ, హిందూ వ్యాఖ్యాతలు చెప్పిన ధర్మానికి అది ఏ విధంగానూ విరుద్ధం కాదని రాశాడు. కాబట్టి దీన్ని కోర్టు మాటల గారడీ అని ఎవరైనా కొట్టిపారేస్తే నేను ఒప్పుకోను. రోములో ఒకడూ, ఇక్కడ ఒకడూ, ఒకరి గురించి ఒకరికి తెలియకుండానే మనిషి స్వభావం చూసి ఒకే గోడ కట్టారు.

ఇక సెక్షన్ 11 సంగతికి వస్తే, అది పెద్ద వాక్యం, ఒక్క గుక్కలో చదవడం కష్టం. నేను మా కేసుకి వర్తింపజేసుకుంటూ చదివాను, అప్పుడే అర్థమైంది. విషయం అదే అయ్యుండాలి. పార్టీలు వాళ్ళే అయ్యుండాలి, లేదా వాళ్ళ హక్కు ద్వారా వచ్చినవాళ్ళు అయ్యుండాలి. ఈ రెండో ముక్క చాలామందికి తెలియదు. "ఆ కేసు మా తాతది, నాది కాదు, నేను కొత్తగా వేస్తాను" అంటే కుదరదు, ఎందుకంటే ఆ చెక్క మీద నాన్నకి హక్కంటూ ఉంటే అది తాత నుంచి రావాల్సిందే, తాత ఓడితే ఆ ఓటమి కూడా వారసత్వంగా వస్తుంది. అప్పు వచ్చినట్టే. తీర్పు చెప్పిన కోర్టుకి ఆ అధికారం ఉండాలి. విషయాన్ని నిజంగా విని, చివరికి తేల్చి ఉండాలి. మా తాత అప్పీలుకి వెళ్ళలేదు. మున్సిఫ్ కోర్టు డిక్రీ మీద జిల్లా కోర్టుకి అప్పీలుకి ముప్ఫై రోజులే గడువు, అది దాటిన రోజున ఆ తీర్పు ఆఖరిదైపోయింది. మా నాయనమ్మ చెప్పేది, ఆ ఏడాది పంట పోయి బరంపురం వెళ్ళడానికి చేతిలో డబ్బుల్లేవని. ఆ ముప్ఫై రోజుల గురించి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో కలుక్కుమంటుంది.

మరి కొత్తగా దొరికిన రశీదు? ఇంటికొచ్చిన ఆ పెద్దమనిషి పట్టుకున్నది దీన్నే. సెక్షన్ 11 కింద కొన్ని వివరణలు ఉన్నాయి, అందులో నాలుగోది దీని గురించే. అప్పటి కేసులో ఏ వాదన పెట్టగలిగి ఉండేవారో, పెట్టాల్సి ఉండిందో, అది పెట్టకపోయినా పెట్టినట్టే, కోర్టు దాన్ని తేల్చినట్టే లెక్క. రశీదు అప్పుడు కూడా మా ఇంట్లోనే ఉంది, ట్రంకు పెట్టెలో. తాత దాన్ని కోర్టుకి తీసుకెళ్ళలేదు. ఎందుకు తీసుకెళ్ళలేదో అప్పటికి మాకు తెలియదు. కొత్త సాక్ష్యం దొరికిందని అదే కోర్టుని తీర్పు మళ్ళీ చూడమని అడిగే దారి ఒకటి ఉంది, రివ్యూ అంటారు, దానికీ ముప్ఫై రోజులే గడువు. అరవై ఏళ్ళు కాదు.

అలాగని ఇది కన్నం లేని గోడ కాదు, అది కూడా చెప్పకపోతే తప్పవుతుంది. కేసు వాయిదాకి వెళ్ళక కొట్టేశారనుకోండి, అక్కడ విషయం విననే లేదు, కాబట్టి రెస్ జుడికాటా రాదు (దానికి వేరే నిబంధన అడ్డొస్తుంది, కొట్టేసిన ఆర్డరునే తీయించుకోవాలి). అధికారం లేని కోర్టు చెప్పినదైతే కట్టదు. మోసంతో తెచ్చుకున్న తీర్పైతే అసలు తీర్పే కాదు. చెంగల్వరాయ నాయుడు కేసులో 1993లో సుప్రీంకోర్టు దీన్ని చాలా గట్టిగా చెప్పింది, ముఖ్యమైన దస్తావేజు దాచిపెట్టి డిక్రీ తెచ్చుకోవడం కోర్టుని మోసం చేయడమేనని, అలాంటి తీర్పు మొదటి నుంచీ చెల్లదని. ఇంగ్లండులో 1776లో దీని మీదే పెద్ద గొడవ నడిచింది, కింగ్‌స్టన్ డచెస్ అనే ఆవిడ రహస్యంగా చేసుకున్న మొదటి పెళ్ళి అసలు జరగనే లేదని చర్చి కోర్టులో తీర్పు తెచ్చుకుని డ్యూక్‌ని పెళ్ళాడింది, తర్వాత రెండు పెళ్ళిళ్ళ నేరం మీద విచారణకి వస్తే ఆ పాత తీర్పు ఆవిడని కాపాడలేదు. ఒక మనిషిని అన్యాయంగా నిర్బంధించారని వేసే హెబియస్ కార్పస్‌కి కూడా ఈ అడ్డు గట్టిగా పట్టదు. స్వేచ్ఛ విషయం కదా.

ఫైలు మూయడం వేరు, విషయం తేలడం వేరు అనడానికి మా సరిహద్దులోనే పెద్ద ఉదాహరణ ఉంది. కొరాపుట్ జిల్లా కొటియా గ్రామాలు, ఇరవై ఒక్క ఊళ్ళు, మావంటే మావని ఒడిశా, ఆంధ్రా రెండూ అంటాయి. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 2006లో ఆ దావా ముగిసింది, కానీ ఊళ్ళు ఎవరివో కోర్టు తేల్చలేదు, ఉన్నది ఉన్నట్టు ఉంచమన్నారు. 2021లో అక్కడ ఆంధ్రా పంచాయతీ ఎన్నికలు పెట్టేసరికి ఒడిశా మళ్ళీ కోర్టుకెక్కింది. తేలని విషయం ఎలా ఉంటుందో చూడాలంటే అటు వెళ్ళి చూడండి, ఒకే కుటుంబం చేతిలో రెండు రాష్ట్రాల కార్డులు ఉంటాయి. తేలిపోవడంలో ఓడినవాడికి కూడా ఎంత నెమ్మది ఉందో నాకు అక్కడివాళ్ళ కష్టం విన్నాకే కొంచెం అర్థమైంది.

మన దగ్గర ఒక సామెత ఉంది కదా, ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడట. రెస్ జుడికాటా లేకపోతే ఆ ఇద్దరూ ప్రతి ఏటా అలా ఏడుస్తూనే ఉంటారు, వాళ్ళ పిల్లలూ ఏడుస్తారు. డబ్బున్నవాడు లేనివాణ్ణి అలిసిపోయేదాకా కోర్టు చుట్టూ తిప్పుతాడు. గెలిచిన బీదవాడికి ఈ నియమమే కంచె. మేము ఓడిన వైపు వాళ్ళం కాబట్టి మాకు అది గోడలా కనిపించింది, అటు వైపు నుంచి చూస్తే అది వాళ్ళ ఇంటి తలుపు. చిన్నతాత మనవడు ఇప్పుడు ఆ చెక్కలో వంగా బెండా వేస్తున్నాడు. మేము మళ్ళీ కేసు వేస్తామని ఊళ్ళో పుకారు పుట్టాక అతను రాత్రిళ్ళు నిద్ర పోవడం లేదని వాళ్ళావిడ గుడి దగ్గర మా అమ్మతో అందట. మా అమ్మ ఇంటికొచ్చి ఆ మాట చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

ఇదంతా నాన్నకి కొంచెం కొంచెం చెప్పాను. కేసు వేయడం లేదని ఆ పెద్దమనిషికి ఆయనే చెప్పి పంపారు. కానీ తృప్తి లేదు. "సరే, స్వీకరిద్దాం, స్వీకరించేది ఏంటో ఒకసారి చదివి వినిపించు" అన్నారు. అప్పుడు నాకు తట్టింది, అరవై ఏళ్ళుగా ఆ తీర్పుని మా ఇంట్లో ఎవరూ పూర్తిగా చదవలేదు. తాతకి ఇంగ్లీషు రాదు. నాన్నకి వచ్చు, కానీ ఆయనకి కథ ముందే తెలుసు, అవతలివాళ్ళు భూమి కొలిచే కోర్టు అమీనుకి డబ్బిచ్చి కొలతలు మార్పించారని నాయనమ్మ చెప్పిన కథ. తెలిసిన కథని మళ్ళీ ఇంగ్లీషులో చదవడమెందుకు అనుకున్నారు.

పదకొండు పేజీలు. టైపు మిషను అక్షరాలు, చాలా చోట్ల మాసిపోయాయి. రెండు రాత్రులు కూర్చుని తెలుగులో రాశాను. అమీను ప్రస్తావన అందులో ఒక్క చోటే ఉంది, కొలతల మీద ఇద్దరికీ అభ్యంతరం లేదని. తీర్పు నిలబడింది వేరే దాని మీద. అవతలి ప్లీడరు తాతని క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగాడు, పంపకాలకి ముందు శిస్తు రశీదులు మీ తండ్రి పేరు మీద ఉండటం కుటుంబంలో పెద్ద కాబట్టే కదా అని. తాత అవునన్నాడు. పంపకాల తర్వాత ఆ చెక్క సాగు చేసుకుంటున్నదెవరు అని అడిగితే, ఉన్నదున్నట్టు, మా చిన్నాన్న కొడుకే అన్నాడు. రశీదు కోర్టుకి ఎందుకు తీసుకెళ్ళలేదో అక్కడ తెలిసింది. దాని వల్ల ఏమీ రుజువు కాదని ఆయనకి తెలుసు. ఆ తర్వాత ఇంకో ప్రశ్న ఉంది, దానికి తాత ఇచ్చిన జవాబుని మున్సిఫ్ గారు యథాతథంగా ఎత్తి రాసి, వాది నిజాయితీని మెచ్చుకుంటూ, దావా కొట్టేశారు.

అబద్ధం చెబితే గెలిచేవాడేమో. పక్కన సాక్షి లేడు, కాగితం లేదు, ఆయన నోటి మాట తప్ప.

నాన్న కళ్ళద్దాలు తీసి తుడుచుకుని ఆ ఒక్క వాక్యం మళ్ళీ చదవమన్నారు. చదివాను. ఇంకోసారి చదవమన్నారు. తర్వాత ఒక తెల్లకాగితం ఇచ్చి, అది పెద్ద అక్షరాలతో విడిగా రాసి రశీదుతో పాటు పెట్టెలో పెట్టమన్నారు. ఇంగ్లీషులో అది మూడో మనిషి చెప్పినట్టు ఉంది, నేను తాత నోటితోనే రాశాను.

"ఆ చెక్క మా చిన్నాన్న కొడుక్కి ఇచ్చేశానని మా నాన్న ఒకసారి అనగా నేను విన్నాను. కాగితం రాయలేదు. కానీ అన్న మాట నిజం."